ఆక్టేవ్ పెడల్: చాలాకాలం వాడాక నా మాట

నా పెడల్‌బోర్డ్ మీద చాలా పెడల్స్ వచ్చాయి, పోయాయి. గిటారు తగలగానే వచ్చే మొదటి పెడల్ మాత్రం దాదాపు ఎప్పుడూ ఆక్టేవరే, అంటే వాయించిన స్వరానికి ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కింద లేదా పైన అదే స్వరాన్ని కలిపే పెడల్. కింది ఆక్టేవ్ ఇచ్చే అనలాగ్ రకం అది, ఒకసారికి ఒక్క స్వరమే పట్టుకుంటుంది. దీని మీద అందరూ చెప్పే ఫిర్యాదు ట్రాకింగ్, అంటే స్వరాన్ని సరిగా పట్టుకుని వెంబడించడం. స్వరం వణుకుతుంది, మధ్యలో తెగిపోతుంది, కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) వాయిస్తే గరగరమంటుంది. ఇవన్నీ నిజమే. అయినా నాకు ఈ రకమే ఇష్టం.

ఇందులోని సర్క్యూట్ తీగ కంపనాలను లెక్కపెట్టి, రెండింటికి ఒకటి చొప్పున కొత్త తరంగం పుట్టిస్తుంది. అందుకే సరిగ్గా ఒక ఆక్టేవ్ కింద పలుకుతుంది. రెండు స్వరాలు కలిసి వస్తే దేన్ని లెక్కపెట్టాలో దానికి తెలియదు. ఒక్క స్వరమే వాయించినా, లావు తీగల్లో ఓవర్‌టోన్లు (అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు) బలంగా ఉంటే లెక్క తప్పుతుంది. కాబట్టి సగం ట్రాకింగ్ మన చేతుల్లోనే ఉంది. నెక్ పికప్ (గిటారు మెడ వైపు ఉండి తీగల కంపనాలను పట్టే భాగం) పెట్టి, టోన్ నాబ్ బాగా తగ్గించి, మిగతా తీగలను అరచేత్తో మ్యూట్ చేసి, ఐదో ఫ్రెట్ (మెడ మీది మెట్టు) పైన వాయించండి. అదే పెడల్ వేరే పెడల్‌లా పలుకుతుంది. స్వరం సన్నబడే చివరి క్షణాల్లో వణుకు ఎలాగూ వస్తుంది. దాని కోసం ఆక్టేవర్‌కు ముందు కంప్రెసర్ (ధ్వని హెచ్చుతగ్గులను సమం చేసే పెడల్) పెడతాను, లేదా వణుకు మొదలయ్యేలోపే స్వరాన్ని ఆపేస్తాను. డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా చేసే పెడల్) మాత్రం ఆక్టేవర్ తర్వాతే ఉండాలి.

రెండు ఆక్టేవుల కింది స్వరం గురించి ఎవరూ సరిగా చెప్పరు. గిటారు లావు ఇ తీగ సుమారు 82 హెర్ట్జ్. ఒక ఆక్టేవ్ దిగితే 41, అంటే బేస్ గిటారు ఇ తీగ. ఇంకోటి దిగితే దాదాపు 20, మనిషి చెవికి అందే హద్దు అది. మామూలు గిటారు ఆంప్ స్పీకర్ 41నే సరిగా పలికించలేదు. లావు తీగల మీద ఆ రెండో ఆక్టేవ్ నాబ్ తిప్పితే బురద తప్ప ఏమీ రాదు. సన్న తీగల మీద పన్నెండో ఫ్రెట్ దగ్గర తిప్పితే మాత్రం పాత సింథసైజర్ లాంటి అద్భుతమైన ధ్వని వస్తుంది. 1982లో వచ్చిన బాస్ కంపెనీ ఓసీ-2 పెడల్‌లో ఈ రెండో ఆక్టేవ్‌కు విడిగా నాబ్ ఉంది. ఆ పెడల్‌ను బేస్ వాయించేవాళ్లు కూడా అంతగా ఇష్టపడటం నాకేమీ వింత కాదు.

కార్డులు కావాలంటే పలు స్వరాలను ఒకేసారి పట్టే పాలీఫోనిక్ డిజిటల్ పెడల్ తీసుకోవాల్సిందే. 2005లో వచ్చిన ఎలక్ట్రో-హార్మోనిక్స్ కంపెనీ పోగ్ పెడల్ ఈ దారిలో పెద్ద మలుపు. పై ఆక్టేవ్ కొద్దిగా కలిపితే గిటారు ఆర్గన్‌లా, పన్నెండు తీగల గిటారులా మోగుతుంది. ఈ తరహా పెడల్ కూడా నా దగ్గర ఉంది, నెమ్మది పాటల్లో దానికి సాటి లేదు. అయితే ఆరు తీగల కార్డ్‌కు కింది ఆక్టేవ్ కలిపితే అంతా ముద్దైపోతుంది. పై మూడు తీగల మీదే కార్డ్ పట్టాలి. వేగంగా వాయించేటప్పుడు కింది స్వరం పిక్ తగిలాక ఒక్క క్షణం వెనక వస్తున్నట్టు వేలికి తెలుస్తుంది. వినేవాళ్లకు తెలియదు గానీ నాకు తెలుస్తుంది, అది చాలు.

పై ఆక్టేవ్ ఫజ్ (ధ్వనిని గరుకుగా చేసి పై ఆక్టేవ్ కలిపే పెడల్) వేరే లోకం. ఇంజినీర్ రోజర్ మేయర్ చేసిన ఆక్టావియా పెడల్‌తో 1967లో గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ దాన్ని ప్రపంచానికి వినిపించాడు. ఆ పెడల్ తరంగంలో కిందికి దిగే సగాన్ని పైకి మడిచేస్తుంది, అంతే. పన్నెండో ఫ్రెట్ దాటాక, నెక్ పికప్‌తో మాత్రమే ఆ ఆక్టేవ్ స్పష్టంగా విచ్చుకుంటుంది. సోలోల కోసమే అయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

బ్యాండ్‌లో బేసిస్ట్ ఉంటే కింది ఆక్టేవ్‌ను చాలా పొదుపుగా వాడండి. ఇద్దరి స్వరాలూ ఒకే స్థాయిలో పడితే బేస్ లైన్ వినిపించకుండా పోతుంది, తప్పు మనదే అవుతుంది. నేను అసలు గిటారు ధ్వనిని పూర్తిగా ఉంచి, ఆక్టేవ్‌ను వినిపించీ వినిపించనట్టు కలుపుతాను. పెడల్ ఆపినప్పుడు రిఫ్ (పదేపదే వచ్చే చిన్న గిటారు వరుస) పలచబడినట్టు అనిపిస్తే ఆ సెట్టింగ్ సరిపోయినట్టే. బేసిస్ట్ లేకుండా డ్రమ్స్‌తో ఇద్దరే వాయించే చోట మాత్రం నాబ్ ఎంతైనా తిప్పుతాను.