నల్లగొండల సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్: దుకాణానికి 2 స్టార్లు, లినక్స్‌కు 5

మా చెల్లె డిగ్రీ కోసమని మొన్న నల్లగొండల ఒక దుకాణంకి పోయిన, దుకాణపాయన ఒక లాప్‌టాప్ చూపెట్టి, ఇండ్ల ప్రాసెసర్ ఐ5 ఎనిమిదో జనరేషన్ తమ్మీ, కండ్లు మూసుకొని తీస్కపో అన్నడు, స్టిక్కర్ గూడ గట్లనే ఉంది. జేబుల ఉబుంటు అనే లినక్స్ (విండోస్ లెక్క ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పెన్‌డ్రైవ్ ఉండె, అన్నా అయిదు నిమిషాలు అని దాంతోని బూట్ చేసి టెర్మినల్ల (కమాండ్లు కొట్టే కిటికీ) ప్రాక్ ఫోల్డర్‌ల ఉన్న సీపీయూఇన్ఫో ఫైల్ తెరిసిన. మోడల్ నేమ్ కాడ ఐ5-7200యూ అని ఉంది! నంబర్ 7తోని మొదలైంది, అంటే ఏడో జనరేషన్‌ది. సీపీయూ కోర్స్ (చిప్‌ల పని చేసే భాగాలు) 2, సిబ్లింగ్స్ (అంటే థ్రెడ్లు, ఒకేసారి నడిపే పనుల వరుసలు) 4, క్యాష్ (చిప్‌లనే ఉండే చిన్న మెమరీ) 3072 కేబీ. అదే ఐ5-8250యూ అయితే 4 కోర్లు, 8 థ్రెడ్లు, చానా తేడా.

ఆ ఫైల్ డిస్క్ మీద ఉండదు, మనం తెరిసినప్పుడు కర్నెల్ (లినక్స్‌కు గుండెకాయ అసొంటి ప్రోగ్రాం) అప్పటికప్పుడు తయారుచేసి ఇస్తది, సీపీయూఐడీ అనే ఇన్‌స్ట్రక్షన్‌తోని చిప్‌నే అడిగి తెలుసుకున్న సంగతులు అవి, అందుకే నాకు స్టిక్కర్ కంటె దానిమీదనే నమ్మకం. ప్రాసెసర్ అని 0 నుంచి 3 దాకా నాలుగు సార్లు వస్తది, 4 కోర్లు అనుకునేరు, అవి థ్రెడ్లు. మెగాహెర్ట్జ్ నంబర్ (చిప్ వేగం) ఊకె మారుతుంటది, దానికి భయపడొద్దు. ఇదంతా తక్కువల కావాల్నంటె ఎల్ఎస్‌సీపీయూ అనే కమాండ్ కొట్టుర్రి.

స్క్రీన్ చూపిస్తే ఆయన రేటు తగ్గిస్త అన్నడు, కొట్లాడలే, మర్యాదగనే మాట్లాడిండు, అందుకే ఆ 2 స్టార్లు. గని బిల్లు మీద అసలు మోడల్ నంబర్ రాయి అన్నా అంటె రాయనన్నడు. తీస్కోకుండ వచ్చేసిన.