ట్యాంక్ గురించి అడగకుండా చేప ఇవ్వని షాపు

మా పాపకి ఏంజెల్ ఫిష్ కావాలంది, అది కొందామనే వెళ్లాను. ఉప్పల్ వైపు చిన్న షాపు ఇది, లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయట ఆగాల్సిందే. ఏంజెల్ ఉన్న ట్యాంక్ చూపించి రెండు ఇవ్వమంటే ఆ అన్న వల తియ్యలేదు, "ఇంట్ల ట్యాంక్ ఎంత సైజు అక్కా, అండ్ల ఇప్పుడు ఏమేం ఉన్నయ్" అని అడిగాడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, ఆరు గప్పీలు ఉన్నాయన్నాను. "అయితే ఏంజెల్ వద్దక్కా" అనేశాడు. ఇప్పుడు రూపాయి బిళ్ళంత ఉంది గానీ పెరిగితే అరచెయ్యంత అవుతుందట, పైరెక్క కిందిరెక్క కలుపుకుంటే ఇంకా ఎత్తు, అడుగు ఎత్తు ట్యాంక్‌లో అది తిరగలేదు, పైగా నోట్లో పట్టినదాన్ని మింగేస్తుంది, ముందు గప్పీ పిల్లలు పోతాయి తర్వాత గప్పీలు పోతాయి అని చెప్పాడు. డబ్బులిస్తానంటే వద్దనే షాపు వాణ్ణి నేను అక్కడే చూశానండీ.

ఎందుకింత చెప్తున్నానంటే రెండేళ్ల క్రితం వేరే చోట కొన్నప్పుడు "అన్నీ కలిసే ఉంటాయి మేడం" అని గప్పీలతో పాటు మూడు టైగర్ బార్బ్‌లు కవర్లో వేసిచ్చారు. వారం తిరక్కుండా గప్పీల తోకలు అంచులు పీలికలైపోయి, ఆ చిరిగిన చోట దూదిలాగ తెల్లగా పట్టి, ఒక్కోటి మూలకి చేరి చచ్చిపోయాయి, మా పాప రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. టైగర్ బార్బ్‌ని ఆరో ఎనిమిదో గుంపుగా పెడితే వాటిలో అవే తరుముకుంటాయి, రెండు మూడు పెడితే పక్క చేపల మీద పడతాయి, తోక పొడుగున్న చేపలతో అయితే గుంపుగా ఉన్నా పెట్టకూడదు అని నాకు ఈ షాపులోనే తెలిసింది. ఆ ముక్క అప్పుడు ఎవరైనా చెప్పుంటే ఆ గప్పీలు బతికుండేవి.

సరే, ఆ రోజు అతను ఏమీ అమ్మలేదు. మీది బోరు నీళ్లా కృష్ణా నీళ్లా అని అడిగి, ట్యాంక్ నీళ్లు ఒక బాటిల్లో పట్టుకు రమ్మన్నాడు. మూడ్రోజుల తర్వాత తీసుకెళ్తే, నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపించే టీడీఎస్ పెన్ను ముంచి చూపించాడు, 610 వచ్చింది. పోనీ నియాన్ టెట్రాలు ఇవ్వమని అడిగాను, ఆ నీలం ఎరుపు గీత ఎవరికి నచ్చదు చెప్పండి. దానికీ వద్దన్నాడు. నియాన్‌లు అమెజాన్ వైపువి, వాటికి ఉప్పదనం తక్కువున్న మెత్తటి నీళ్లు కావాలి, "మీ బోరు నీళ్లల్ల ప్లాటీ, మోలీ మంచిగుంటయ్ అక్కా, వాటికి ఇసొంటి నీళ్లే ఇష్టం" అన్నాడు. చేపకి తగ్గట్టు నీళ్లు మారుస్తూ కూర్చోకుండా నీళ్లకి తగ్గ చేపని ఎంచుకోవాలి అన్నమాట. ఇంత చిన్న విషయం నాకు ఇన్నేళ్లుగా ఎవరూ చెప్పలేదు.

ప్లాటీలు నాలుగు తీసుకున్నాను, ఒక మగది మూడు ఆడవి, మగవి ఎక్కువైతే ఆడవాటిని నిలవనివ్వవట. వలలోకి తీసి వెలుతురుకి పట్టి చూపించాడు, పొట్ట కింద రెక్క పుల్లలాగ సన్నగా ఉంటే మగది, విసనకర్రలాగ విచ్చుకుని ఉంటే ఆడది. మా పాప ఇప్పుడు గప్పీలకి కూడా అలాగే చూసి చెప్పేస్తోంది. పిల్లలు ఎక్కువైతే తీసుకురమ్మన్నాడు, తీసుకుని బదులుగా మేత ప్యాకెట్ ఇస్తాడట.

అడుగున తిరిగే కోరీలు కూడా అడిగాను, అప్పుడేమో అడుగున ఏం పరిచారన్నాడు. మా దాంట్లో రంగు రాళ్లు, అంచులు కరుకువి. కోరీలు మీసాలతో నేల తవ్వుకుంటూ తింటాయి, ఆ రాళ్లకి మీసాలు అరిగిపోతాయి, సన్న ఇసుక వేసి మూడు వారాలయ్యాక రండి అని పంపించాడు. ఆ మూడు వారాలు ఇసుక కోసమే కాదు, ఒకేసారి చేపలన్నీ వేస్తే వాటి మలం నుంచి వచ్చే అమ్మోనియాని ఫిల్టర్‌లో ఉండే బ్యాక్టీరియా తట్టుకోలేదు, కొన్ని వేసి ఆగితే ఆ బ్యాక్టీరియా కూడా పెరుగుతుంది. ఇసుక నీళ్లు తేటపడేదాకా కడగడానికి నాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది.

కౌంటర్ వెనక అయిదడుగుల ట్యాంక్‌లో అడుగు దాటిన సక్కర్ ఫిష్‌లు మూడున్నాయి, జనం పెంచలేక తెచ్చి ఇచ్చేసినవి. గాజు శుభ్రం చేస్తుందని వేలెడంత పిల్లని కొంటారు, అది అంతవుతుంది, నాచు తినేదానికన్నా చేసే చెత్త ఎక్కువ. షార్క్ అని అమ్మే నల్ల పిల్లలు కూడా ఇక్కడ ఉండవు. మాది భీమవరం దగ్గర, మా వైపు చెరువుల్లో పెంచి లారీలకెత్తే పంగాస్ పిల్లలే అవి, కిలోలకి కిలోలు పెరిగే చేపని హాల్లో గాజు పెట్టెలో ఎలా పెడతారో. నేనున్నప్పుడే ఒకాయన గప్పీల్లోకి గోల్డ్ ఫిష్ అడిగితే ఆయనకీ వద్దనే చెప్పాడు, దానికి చల్లటి నీళ్లు కావాలి, చెత్త కూడా బాగా చేస్తుంది.

ఇంకోటి నాకు బాగా నచ్చింది, చెన్నై కొళత్తూరు నుంచి లోడ్ రాగానే అమ్మడు. ట్యాంక్ మీద తేదీ రాసి పది రోజులు పక్కన పెడతాడు, ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపిస్తే ఆ ట్యాంక్ వలని ఇంకో దాంట్లో ముంచడు. ఇంటికెళ్లాక కవర్‌ని ఇరవై నిమిషాలు నీళ్ల మీద తేలనిచ్చి, మన నీళ్లు కొంచెం కొంచెం పోసి, చివర్లో చేపని మాత్రమే వలతో వదలమన్నాడు, కవర్ నీళ్లు మన ట్యాంక్‌లో పొయ్యకూడదట.

బాగోనివీ చెప్పాలి కదా. రేట్లు ఎక్కువే, కోరీ ఒక్కోటి 90 తీసుకున్నాడు, బయట 60కే దొరుకుతుంది. మొక్కలు మాత్రం ఇక్కడ కొనొద్దు, నేను తెచ్చిన మొక్కతో నత్తలొచ్చాయి, ఇంకా ఏరుతూనే ఉన్నాను. బండి పెట్టడానికి చోటు లేదు.

ఇసుక వేశాక ఆరు కోరీలు తెచ్చాను, రెండో రోజే ఒకటి పోయింది. ఫొటో, నీళ్లు తీసుకెళ్తే నీళ్లు చూసి మారు మాట్లాడకుండా ఇంకోటి ఇచ్చాడు. అది జరిగి రెండు నెలలు, మిగతావన్నీ బాగున్నాయి, గప్పీలు పైన, ప్లాటీలు మధ్యలో, కోరీలు అడుగున. రాత్రి లైటు తీసేసి కాసేపు నిలబడి చూస్తే ఆరూ ఒక వరసలో ఇసుకలో మూతులు పెట్టి పొగలాగ లేపుతూ పోతుంటాయి, మా పాప చేత్తో నోరు మూసుకుని చూస్తుంది, శబ్దం చేస్తే ఆగిపోతాయని.

వెళ్లేవాళ్లు నీళ్ల బాటిల్, ట్యాంక్ ఫొటో తీసుకెళ్లండి. సోమవారం సెలవు, ఆదివారం సాయంత్రం వద్దు, మాట్లాడటానికి అతనికి తీరికుండదు.