జాగ్రత్త: ‘ట్వెల్త్‌తో పాటే బ్యాచిలర్స్’ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు

అమెరికాలో ఉంటున్న మన తెలుగు తల్లిదండ్రులకు ఇప్పుడొక కొత్త ప్యాకేజీ అమ్ముతున్నారు. పిల్లల్ని నైన్త్ గ్రేడ్‌లో చేర్చితే చాలట, పరీక్షలు రాయించి క్రెడిట్లు పోగుచేసి, హైస్కూల్ డిప్లొమాతో పాటే బ్యాచిలర్స్ డిగ్రీ కూడా చేతిలో పెడతారట. రుసుము వేల డాలర్లు, అదీ ముందుగానే, ఎక్కువసార్లు జెల్ (Zelle) అనే బ్యాంకు బదిలీ యాప్‌లో. కట్టాక తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం.

పరీక్షలు రాసి కాలేజీ క్రెడిట్ సంపాదించడం మోసం కాదు. దశాబ్దాలుగా ఉన్న మంచి దారి అది, సరిగ్గా వాడుకుంటే ఒక ఏడాది ఫీజు మిగులుతుంది. మోసం జరిగేది ఆ దారిని అమ్మే తీరులో. చవకగానో ఉచితంగానో దొరికేదానికి వేలు గుంజుతారు, ఆ క్రెడిట్లు మీ పిల్లలు చేరబోయే యూనివర్సిటీలో చెల్లుతాయా లేదా అన్న అసలు ప్రశ్నను మాత్రం దాటేస్తారు.

ముందు పరీక్షల సంగతి. ప్యాకేజీలో ముఖ్యంగా ఉండేది క్లెప్ (CLEP), అంటే కాలేజీ స్థాయి సబ్జెక్టుల్లో పెట్టే పరీక్షలు. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్), ఎస్‌ఏటీ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డే దీన్నీ నడుపుతుంది, 1967 నుంచి ఉంది. మొత్తం 34 సబ్జెక్టులు. చాలావాటికి గంటన్నర సమయం, మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు. స్కోరు 20 నుంచి 80 వరకు, 50 వస్తే క్రెడిట్ ఇవ్వవచ్చని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్, అంటే ఏస్, సిఫారసు చేస్తుంది. ఒక్కో పరీక్షకు సుమారు వంద డాలర్లు, పైన టెస్ట్ సెంటర్ రుసుము వేరే. రెండోది డీఎస్‌ఎస్‌టీ. సైనికుల కోసం మొదలైన ఈ పరీక్షల్లో పాస్ మార్కు 400. మూడోది మనకు బాగా తెలిసిన ఏపీ. ఏడాదికి ఒక్కసారి, మే నెలలోనే జరుగుతుంది, పేరు మాత్రం ముందు ఏడాది శీతాకాలంలోపే స్కూల్ కోఆర్డినేటర్ దగ్గర నమోదు కావాలి.

ఇక్కడ ‘సిఫారసు’ అన్న మాట దగ్గర ఆగండి. ఏస్ చేసేది సిఫారసు మాత్రమే. క్రెడిట్ ఇచ్చేదీ, ఇవ్వననేదీ యూనివర్సిటీ. అమ్మేవాళ్ళు ‘రెండు వేలకు పైగా కాలేజీలు క్లెప్‌ను ఒప్పుకుంటాయి’ అంటారు. ఆ మాట నిజమే, కానీ మీ అమ్మాయి అప్లై చేసే కాలేజీ ఆ జాబితాలో ఉందా, ఉంటే ఏ పరీక్షకు ఎంత ఇస్తుంది అన్నదే మీకు కావలసింది. బర్కిలీ, యూసీఎల్‌ఏ, శాన్ డియేగో లాంటి క్యాంపసులన్నీ ఉన్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్లెప్‌కు అసలు క్రెడిట్ ఇవ్వదు, ఏపీలో 3 ఆపైన వస్తే ఇస్తుంది. అదే రాష్ట్రంలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ (కాల్ స్టేట్) క్యాంపసులు క్లెప్‌ను తీసుకుంటాయి. ఎంఐటీ తీసుకోదు. యూటీ ఆస్టిన్ ఏ పరీక్షలో ఎంత స్కోరుకు ఏ కోర్సు ఇస్తుందో పట్టికలు వేసి చూపిస్తుంది. ఫ్లోరిడాలో ప్రభుత్వ కాలేజీలన్నిటికీ కలిపి ఒకే తుల్యత పట్టిక ఉంది, కానీ ఏపీ, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్), క్లెప్ లాంటివన్నీ కలిపి 45 క్రెడిట్ల దగ్గర ఆగిపోతుంది. బే ఏరియాలో ఉంటూ యూసీ మీద ఆశ పెట్టుకున్న కుటుంబం క్లెప్ ప్యాకేజీ కొంటే ఆ డబ్బు అక్షరాలా బూడిదలో పోసిన పన్నీరే.

క్రెడిట్ ఇచ్చినా అందులో రెండు రకాలున్నాయి. ఒకటి, ఫలానా కోర్సు నంబరుకు బదులుగా ఇచ్చేది. అది డిగ్రీలో ఒక అవసరాన్ని తీరుస్తుంది. రెండోది ఊరికే ఎలెక్టివ్‌గా ట్రాన్‌స్క్రిప్ట్ మీద పడేది. ఇంజనీరింగ్ చదివే పిల్లవాడికి ఎలెక్టివ్‌లకు ఖాళీ చాలా తక్కువ. సోషియాలజీ, మార్కెటింగ్, మేనేజ్‌మెంట్ క్లెప్‌లు పది రాసినా అతని నాలుగేళ్ళు మూడున్నర కూడా కాకపోవచ్చు. పట్టికలో కోర్సు నంబరు కనిపించని పరీక్షను లెక్కలోకి తీసుకోకండి.

ప్యాకేజీ బ్రోచర్లలో క్రెడిట్ల లెక్క ఎలా పెంచుతారో చూడండి. కాలేజ్ ఆల్జీబ్రా, కాలేజ్ మ్యాథమెటిక్స్, ప్రీకాలిక్యులస్ అన్నీ వేసి కూడతారు. ఇవి ఒకదాని మీద ఒకటి పడే సబ్జెక్టులు, చాలా యూనివర్సిటీలు అన్నిటికీ విడివిడిగా ఇవ్వవు, పైగా కాలిక్యులస్ దాటిన పిల్లవాడికి ఆల్జీబ్రా క్రెడిట్‌తో పనే లేదు. బయాలజీకి ఆరు, నేచురల్ సైన్సెస్‌కు ఆరు అని పన్నెండు చూపిస్తారు, చేతికి ఆరే రావచ్చు. కాలేజ్ కంపోజిషన్, కాలేజ్ కంపోజిషన్ మాడ్యులర్ రెండూ రాయిస్తారు. మొదటిదానిలో రెండు వ్యాసాలు రాయాలి, మాడ్యులర్‌లో పిల్లలు వ్యాసం రాయకుండానే బయటపడవచ్చు. అందుకే చాలా కాలేజీలు వ్యాసాలున్న మొదటిదాన్నే ఇంగ్లిష్ అవసరానికి లెక్కేస్తాయి. తేలిక అని మాడ్యులర్ రాయించే చోట పిల్లలకు మేలు జరగడం లేదు. బయాలజీ, కెమిస్ట్రీ క్లెప్‌లకు ల్యాబ్ లేదు కాబట్టి ల్యాబ్‌తో కూడిన సైన్స్ కావాలనే డిగ్రీల్లో అవి సగమే పనికొస్తాయి. ఒక్క లాభసాటి పరీక్ష స్పానిష్. 50 వస్తే మొదటి స్థాయి, 63 వస్తే రెండో స్థాయి క్రెడిట్, ఒకే పరీక్షకు తొమ్మిది వరకు సిఫారసు ఉంది. స్కూల్లో నాలుగేళ్ళు స్పానిష్ తీసుకున్న పిల్లలు ఉంటే ఇది వదులుకోవద్దు.

పూర్తి డిగ్రీ వాగ్దానం దగ్గర అసలు చిక్కు ఉంది. బ్యాచిలర్స్‌కు 120 సెమిస్టర్ క్రెడిట్లు కావాలి. అందులో కొంత భాగం అప్పర్ లెవెల్, అంటే మూడు, నాలుగో సంవత్సరం స్థాయి కోర్సులు ఉండి తీరాలి. క్లెప్ సిఫారసులన్నీ లోయర్ లెవెలే. డీఎస్‌ఎస్‌టీలో కొన్ని మాత్రం అప్పర్ లెవెల్ ఉన్నాయి. మనవాళ్ళకు కావలసిన కంప్యూటర్ సైన్స్‌కు వస్తే క్లెప్‌లో ప్రోగ్రామింగ్ లేదు, డేటా స్ట్రక్చర్స్ లేదు, ఆల్గారిథమ్స్ లేదు, ఫిజిక్స్ లేదు. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అని ఒకటుంది, అది బిజినెస్ వైపు పరిచయం. గణితం మొదటి కాలిక్యులస్‌తో ఆగిపోతుంది. కాబట్టి ‘క్లెప్‌తోనే సీఎస్ డిగ్రీ’ అనే మాట వినగానే లేచి వచ్చేయండి.

ఎక్కువ బయటి క్రెడిట్లను ఒప్పుకునే, నిజమైన అక్రిడిటేషన్ (అధికారిక గుర్తింపు) ఉన్న కాలేజీలు లేకపోలేదు. న్యూజెర్సీ ట్రెంటన్‌లో థామస్ ఎడిసన్ స్టేట్, కనెక్టికట్ న్యూ బ్రిటన్‌లో చార్టర్ ఓక్ స్టేట్, న్యూయార్క్ ఆల్బనీలో ఎక్సెల్సియర్. మూడూ 1970ల మొదట్లో, ఉద్యోగాలు చేసుకుంటూ డిగ్రీ పూర్తి చేసుకోవాలనుకునే పెద్దవాళ్ళ కోసం పుట్టినవి. ప్యాకేజీ వాళ్ళు సాధారణంగా చివరికి తీసుకెళ్ళేది వీటి దగ్గరికే. ఆ దారిలో వెళ్ళాలనుకుంటే నేరుగా ఆ కాలేజీ అడ్మిషన్స్‌కే రాయండి, మధ్యలో ఎవరూ అక్కర్లేదు. వాళ్ళ దగ్గరే తీసుకోవాల్సిన మొదటి, చివరి కోర్సులు, అప్పర్ లెవెల్ కోర్సులు, క్రెడిట్ల మదింపు, గ్రాడ్యుయేషన్ రుసుములు కలిపితే ఎంతవుతుందో అడగండి. ప్యాకేజీ ధరలో ఇవి ఉండవు. హైస్కూల్ డిప్లొమా రాకముందే డిగ్రీ విద్యార్థిగా చేర్చుకుంటారా అన్నది కూడా వాళ్ళనే అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

‘యాభై రాష్ట్రాల్లో చెల్లుతుంది’ అంటూ పేరు వినని యూనివర్సిటీ చూపిస్తే అక్రిడిటేషన్‌ను అమెరికా విద్యాశాఖ డేటాబేస్‌లోనూ, అక్రిడిటేషన్ ఇచ్చే సంస్థలను గుర్తించే చియా (CHEA) వెబ్‌సైట్‌లోనూ మీరే వెతకండి. అమ్మేవాళ్ళు పంపిన లింకు నొక్కి చూడటం సరిపోదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు వీధిన పడిన విద్యార్థుల్లో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ పిల్లలే. ఆ వ్యవహారం వీసాలది, ఇది వేరు. కానీ అక్రిడిటేషన్ చూసుకోకపోతే నష్టపోయేది పిల్లలే అన్నది రెండింట్లోనూ ఒకటే.

డిగ్రీ నిజంగానే వచ్చిందనుకుందాం. ఆ తర్వాత మూసుకుపోయే తలుపుల గురించి ప్యాకేజీ వాళ్ళు చెప్పరు. బ్యాచిలర్స్ పూర్తయిన విద్యార్థి మామూలుగా ఫ్రెష్‌మన్ (కొత్తగా చేరే మొదటి ఏడాది విద్యార్థి) కాడు. యూనివర్సిటీల పెద్ద మెరిట్ స్కాలర్‌షిప్‌లు ఫ్రెష్‌మన్‌లకే. మొదటి బ్యాచిలర్స్ వచ్చాక తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఫెడరల్ పెల్ గ్రాంట్ కూడా ఆగిపోతుంది. కొన్ని యూనివర్సిటీలు రెండో బ్యాచిలర్స్‌కు చేర్చుకోవు. పరీక్షతో వచ్చిన క్రెడిట్‌కు గ్రేడ్ ఉండదు కాబట్టి మాస్టర్స్‌కు అప్లై చేసేటప్పుడు చూపించడానికి సరైన జీపీఏ గానీ, సిఫారసు లేఖ రాసే ప్రొఫెసర్ గానీ ఉండరు. మెడిసిన్ ఆలోచన ఉంటే చాలా మెడికల్ కాలేజీలు సైన్స్ సబ్జెక్టుల్లో పరీక్షా క్రెడిట్‌ను ఒప్పుకోవు.

హెచ్-4 (తల్లిదండ్రుల హెచ్-1బీ మీద ఆధారపడిన వీసా) పిల్లలున్న ఇళ్ళు ఇంకో సంగతి తప్పక చూసుకోవాలి. గ్రీన్ కార్డు వరుస తెగదు, ఇరవై ఒకటి నిండితే హెచ్-4 పోతుంది, అందుకని ‘తొందరగా డిగ్రీ, తొందరగా ఉద్యోగం’ అనే మాట మన గుండెల్లో సూటిగా తగులుతుంది. కానీ ఓపీటీ, అంటే చదువుకు సంబంధించి కొంతకాలం పనిచేసే అనుమతి, కావాలంటే ఎఫ్-1 (విద్యార్థి వీసా) స్థితిలో ఉండి అప్లై చేయాలి, ఒక అకడమిక్ సంవత్సరం పూర్తికాలం కాలేజీలో చదివి ఉండాలి. హెచ్-4 మీద ఇంట్లో కూర్చుని పరీక్షలతో కట్టుకున్న డిగ్రీకి ఓపీటీ రాదు. మామూలు దారిలో నాలుగేళ్ళు ఎఫ్-1 మీద చదివితే బ్యాచిలర్స్ స్థాయిలో దక్కే ఆ పని అవకాశం ఇక్కడ చేజారిపోతుంది, మళ్ళీ మాస్టర్స్‌లో చేరితేనే దొరుకుతుంది. ఈ విషయం ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడుకోండి, ప్యాకేజీ కౌన్సెలర్‌తో కాదు.

ఇక డబ్బు. మోడర్న్ స్టేట్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ క్లెప్ సబ్జెక్టులకు ఆన్‌లైన్ కోర్సులు ఉచితంగా ఇస్తుంది. కోర్సు పూర్తి చేసి, ప్రాక్టీసు ప్రశ్నల్లో వాళ్ళు అడిగిన శాతం తెచ్చుకుని వోచర్ అడిగితే పరీక్ష ఫీజు కూడా వాళ్ళే కడతారు. వోచర్ కోడ్ తీసుకుని కాలేజ్ బోర్డులో క్లెప్ ఖాతా తెరిచి రిజిస్టర్ చేసుకోవడమే. కొన్ని ప్యాకేజీలు ఈ ఉచిత కోర్సునే తమ ‘స్టడీ పోర్టల్’గా చూపించి, ఈ ఉచిత వోచర్‌నే ‘మా తరఫున కట్టిన ఫీజు’గా చెబుతాయి. ప్యాకేజీలో వోచర్ ఎవరిదని అడగండి.

రిజిస్టర్ చేసేటప్పుడే స్కోరు పంపాల్సిన కాలేజీని ఎంచుకుంటే ఆ ఒక్కటి ఉచితం, తర్వాత పంపించాలంటే ఒక్కో ట్రాన్‌స్క్రిప్ట్‌కు డబ్బు కట్టాలి. ఖాతా మీ పిల్లల పేరు మీద, మీ ఈమెయిల్‌తో ఉండాలి. కన్సల్టెంట్ తన ఈమెయిల్‌తో ఖాతా తెరిస్తే రేపు గొడవ వచ్చినప్పుడు స్కోర్లు అతని చేతిలో ఉండిపోతాయి. తప్పితే అదే సబ్జెక్టు మళ్ళీ రాయడానికి మూడు నెలలు ఆగాలి, ముందే రాస్తే స్కోరు రద్దు, ఫీజు పోతుంది. కాబట్టి ‘వేసవి సెలవుల్లో పన్నెండు పరీక్షలు, పాసయ్యేదాకా రాయిస్తాం’ అనే హామీ జరగని పని. ‘అసలు ప్రశ్నలు మా దగ్గరున్నాయి’ అన్నా, ‘మీ బదులు మావాళ్ళు రాస్తారు’ అన్నా ఆ గది నుంచి బయటకు వచ్చేయండి. పట్టుబడితే స్కోరు పోవడంతో ఆగదు, పిల్లల పేరు పాడవుతుంది.

సరైన వరుస ఇలా ఉండాలి. పిల్లలు వెళ్ళే అవకాశమున్న ఐదారు యూనివర్సిటీల పేర్లు రాసుకోండి. ఒక్కోదాని రిజిస్ట్రార్ పేజీలో క్రెడిట్ బై ఎగ్జామ్ పట్టిక తెరిచి, పరీక్ష, కావలసిన స్కోరు, వచ్చే కోర్సు నంబరు, గరిష్ఠ పరిమితి నాలుగు వరుసల్లో రాయండి. క్లెప్, ఏపీ రెండూ చెల్లే చోట కూడా ముందు ఏపీనే చూడండి, ఎక్కువ కాలేజీలు దాన్నే గౌరవిస్తాయి. కనీసం మూడు యూనివర్సిటీల్లో కోర్సు నంబరుతో చెల్లే పరీక్షలే రాయించండి, అవి మామూలుగా నాలుగైదుకు మించవు. డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్‌ను కూడా మర్చిపోవద్దు. ఒహాయోలో కాలేజ్ క్రెడిట్ ప్లస్, వాషింగ్టన్ రాష్ట్రంలో రన్నింగ్ స్టార్ట్, మిన్నెసోటాలో పీఎస్‌ఈఓ కింద హైస్కూల్ పిల్లలు ట్యూషన్ కట్టకుండా కాలేజీ క్లాసులు తీసుకోవచ్చు. అక్కడ వచ్చిన గ్రేడు మాత్రం శాశ్వతంగా ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఉంటుంది, కాబట్టి బరువెక్కువైన సెమిస్టర్‌లో పిల్లల్ని తోయకండి.

ఇప్పటికే కట్టేసినవాళ్ళకు. హోటల్ హాల్లోనో, కమ్యూనిటీ కార్యక్రమంలోనో ఎదురుగా కూర్చుని 130 డాలర్లకు పైగా కట్టి ఉంటే, లేదా మీ ఇంటికే వచ్చి 25 డాలర్లకు పైగా అమ్మి ఉంటే, ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) కూలింగ్ ఆఫ్ నియమం కింద మూడో పనిదినం అర్ధరాత్రి వరకు రద్దు చేసుకునే హక్కు ఉంటుంది. శిక్షణ కోర్సులకూ అది వర్తిస్తుంది. పూర్తిగా ఆన్‌లైన్‌లోనో, ఫోన్‌లోనో కొన్నవాటికి వర్తించదు. రద్దు లేఖ సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచుకోండి. క్రెడిట్ కార్డు మీద కట్టి, చెప్పిన సేవ అందకపోతే, ఆ ఛార్జి మొదటిసారి కనిపించిన బిల్లు వచ్చిన 60 రోజుల్లోపు బ్యాంకుకు రాతపూర్వకంగా వివాదం తెలపండి. జెల్‌లో పంపినదానికి ఈ రక్షణ లేదు, అందుకే అమ్మేవాళ్ళు జెల్ అడుగుతారు. కరపత్రం, వాట్సాప్ సందేశాలు, డిగ్రీ హామీ ఇచ్చిన ఆడియోలు చెరిపేయకుండా ఉంచి, ఎఫ్‌టీసీకీ, మీ రాష్ట్ర అటార్నీ జనరల్ వినియోగదారుల విభాగానికీ ఫిర్యాదు పెట్టండి. పిల్లలు ఇప్పటికే పాసైన స్కోర్లు ఎక్కడికీ పోవు. కాలేజ్ బోర్డు వాటిని 20 ఏళ్ళు ఉంచుతుంది, ఖాతా పాస్‌వర్డ్ ఈ రోజే మార్చి మీ చేతిలోకి తీసుకోండి.