లైవ్ క్లాసా, రికార్డింగా? ట్యాక్స్ ఆఫీసులో రెండూ వాడి చూశాక

గుంటూరు బ్రాడీపేటలో మాది ట్యాక్స్ కన్సల్టెన్సీ. క్లయింట్లలో ఎక్కువ మంది మిర్చి వ్యాపారులు. నెలనెలా 11లోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల లెక్క), 20లోపు 3బీ (పన్ను కట్టే రిటర్ను) వేయాలి. కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పడం కూడా ఈ హడావుడి మధ్యే. 2020 లాక్‌డౌన్‌లో గూగుల్ మీట్‌తో మొదలుపెట్టాం. తర్వాత రికార్డు చేసిన వీడియోలు, వాట్సాప్ గ్రూపు వచ్చి చేరాయి. కొందరు తెనాలి, నరసరావుపేట నుంచే పనిచేస్తారు కాబట్టి ఇప్పటికీ అన్నీ నడుస్తున్నాయి.

మెట్లు మెట్లుగా చేసే పనికి రికార్డింగును మించింది లేదు. 2024 అక్టోబరులో జీఎస్టీ పోర్టల్‌లో ఐఎంఎస్ (కొన్న బిల్లులను సరిచూసుకునే పద్ధతి) వచ్చింది. అమ్మినవాళ్లు ఎక్కించిన ప్రతి బిల్లునూ యాక్సెప్ట్, రిజెక్ట్, పెండింగ్‌లలో ఏదో ఒకటి చేయొచ్చు. ఏమీ చేయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. 14న 2బీ, అంటే కొన్న సరుకు మీద కట్టిన పన్నులో మనం తగ్గించుకోగల క్రెడిట్ పట్టిక, తయారవుతుంది. ఆ తర్వాత ఏది మార్చినా రీకంప్యూట్ (మళ్లీ లెక్కించు) నొక్కాల్సిందే. ఇదంతా మీట్‌లో చెబితే అందరూ "అర్థమైంది మేడం" అన్నారు. మర్నాడు ఒకరు నా సీటు దగ్గరికొచ్చి, ఇంకొకరు తెనాలి నుంచి ఫోన్ చేసి, అదే రీకంప్యూట్ గురించి అడిగారు! నాలుగైదు నిమిషాల స్క్రీన్ రికార్డింగ్ గ్రూపులో పెట్టాక ఆ ఫోన్లు తగ్గాయి. వీడియో ఆపుకుంటూ, పక్కన పోర్టల్ తెరిచి ఒక్కో బటనూ నొక్కి నేర్చుకున్నారు.

పైగా మన పిల్లలు పదిమందిలో నోరు విప్పరు. మీట్‌లో మైక్ మ్యూట్‌లో పెట్టుకుని కూర్చునే అమ్మాయే రాత్రి పూట గ్రూపులో అసలైన డౌట్ రాస్తుంది.

అలాగని లైవ్ తీసేయలేం. బిల్లు వచ్చింది, సరుకు ఇంకా కోల్డ్ స్టోరేజీకి చేరలేదు. యాక్సెప్ట్ చేయాలా, పెండింగ్‌లో పెట్టాలా? సరుకు అందకుండా క్రెడిట్ తీసుకోకూడదని జీఎస్టీ చట్టం సెక్షన్ 16 చెబుతుంది, అది నోట్సులో ఉంది. కానీ సరుకు చేరిందో లేదో తెలుసుకోవడం నోట్సుతో అయ్యే పని కాదు. మా సీనియర్ వ్యాపారికి ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేసి "బాబాయ్, ఆ టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయా? కాటా చీటీ ఉందా?" అని అడుగుతుంటే పక్కన కూర్చుని వినాలి. అవతలి మనిషి "దిగుతాయిలే" అన్నాడంటే దిగలేదని అర్థం. ఇది ఏ వీడియోలో చెప్పగలం?

ఉచిత మీట్‌లో ముగ్గురు, అంతకు మించి ఉంటే గంటకు కాల్ ఆగిపోతుంది. నిజానికి అది మాకు మేలే చేసింది, సోది తగ్గింది. వీడియో ముందే చూసి రమ్మంటాం, కాల్‌లో ఇలాంటి చిక్కు బిల్లులు మాత్రమే తీస్తాం.

నాకు అస్సలు నచ్చనివి వాయిస్ మెసేజ్‌లు. పంపేవాళ్లకు సుఖం, వినేవాళ్లకు శిక్ష. రెండింతల వేగంతో విన్నా, వారం తర్వాత ఆ జీఎస్టీ నంబరు ఎందులో చెప్పారో వెతకలేం. నంబరు, మొత్తం, తేదీ ఏదైనా సరే టైప్ చేయాల్సిందేనని రూలు పెట్టాం.

గ్రూపులో డౌట్లకు సాయంత్రం 4 గంటలకు సమాధానాలు ఇస్తాం. ఆ టైము ఖాయం కాకముందు, మెసేజ్ పెట్టిన ఐదు నిమిషాలకే "మేడం, చూశారా?" అని ఫోన్ వచ్చేది. ఇప్పుడు ఆగుతున్నారు. 20వ తేదీ దగ్గర పడ్డప్పుడు మాత్రం ఆ పద్ధతి పనిచేయదు, ఫోనే దిక్కు.

వీడియోలతో ఒక తలనొప్పి ఉంది. పోర్టల్‌లో స్క్రీన్ మారితే పాత వీడియో కొత్తవాళ్లను తికమక పెడుతుంది. రాసిన నోట్సయితే ఒక లైను దిద్దితే సరిపోతుంది. అందుకే ఇప్పుడు ఒక్కో పనికి ఒక్కో చిన్న క్లిప్ చేసి, పేరు పక్కన నెల, సంవత్సరం రాస్తున్నాం. మారినప్పుడు ఆ ఒక్క క్లిప్పే మళ్లీ తీస్తాం.