పైడిగాడు: నేల తుడిచే రోబోపై ఏడాదిన్నర వాడకం తర్వాత సమీక్ష

విజయనగరం దాసన్నపేటలోని మా పాత ఇంటి కోసం, తనంతట తానే తిరుగుతూ ఊడ్చి తడిగుడ్డతో తుడిచే రోబోను ఏడాదిన్నర క్రితం 24,000 రూపాయలకు కొన్నాను. పక్షవాతంతో ఎడమ చెయ్యి, కాలు స్వాధీనం తప్పిన మా అమ్మ, నేను బడికి వెళ్లాక సాయంత్రం దాకా వాకర్ సాయంతో ఒంటరిగా ఉంటుంది. కింద పడిన మరమరాల కోసం ఆమె వంగి పడిపోకూడదన్నదే నా ఉద్దేశం.

ముందు పని సంగతి. నెత్తి మీద గిర్రున తిరిగే లేజరుతో అది మొదటి రోజే గదుల పటం గీసుకుంది, మంచం కింద దుమ్మును బాగానే లాగుతుంది. అయితే రెండు సెంటీమీటర్లకు మించిన గడపను దాటలేదు. ఏటవాలు చెక్క వేద్దామంటే, పసుపు రాసి బొట్లు పెట్టే గడపను కప్పడానికి అమ్మ ఒప్పుకోలేదు. నల్లరాయి పరిచిన వరండా అంచుకు రాగానే ఆగిపోతుంది. అడుగున ఉన్న సెన్సార్ల పరారుణ కిరణాలు నల్లటి నేల నుంచి సరిగా తిరిగి రాకపోవడంతో, అక్కడ గొయ్యి ఉందని భ్రమపడుతుంది. దేవుడి గది ముందు వేసిన బియ్యప్పిండి ముగ్గును మాత్రం చుక్క మిగలకుండా తినేస్తుంది. అక్కడికి వెళ్లకుండా ఫోన్‌లోని యాప్‌లో హద్దు గీత గీయవలసి వచ్చింది. తెలుగు దానికి రాదు.

పైడితల్లమ్మ సిరిమాను సంబరం జరిగిన వారంలో ఇంటికి వచ్చింది కాబట్టి అమ్మ దానికి పైడిగాడని పేరు పెట్టింది. ముఖం, కళ్లు, తోక ఏవీ లేని ఒక గుండ్రటి పళ్లేన్ని మనిషి ఇంతగా ప్రేమిస్తుందని నేను అనుకోలేదు. జపాన్‌లో తకనోరి షిబాటా రూపొందించిన, 2009లో అమెరికాలో వైద్య పరికరంగా గుర్తింపు పొందిన పారో (సీల్ అనే సముద్ర జంతువు పిల్లలా ఉండే రోబో బొమ్మ) వంటివి నిమిరితే స్పందించేలా, మనసుకు దగ్గరయ్యేలా కావాలనే తయారుచేసినవి. పైడిగాడిలో అటువంటి ఏర్పాటు ఏదీ లేదు. వాడు ఊరికే ఇరుక్కుపోతుంటాడు, అంతే. ఫ్యాను తీగలోనో కర్టెన్ అంచులోనో చిక్కుకుని బీప్‌మంటే, ఫిజియోథెరపిస్టు ఎంత బతిమాలినా నాలుగు అడుగులకు మించి వేయని అమ్మ, హాలు దాటి వెళ్లి చేతికర్రతో ఆ తీగను తప్పిస్తుంది. తినడం నుంచి తల దువ్వుకోవడం దాకా ఇతరుల చేత చేయించుకోవలసి వచ్చిన మనిషికి, తన సాయం కోసం ఎదురుచూసేది ఇంట్లో ఒకటి దొరికింది. వాడు ఆమెకు చేసే సేవ కంటే ఆమె వాడికి చేసే సేవే ఈ అనుబంధానికి మూలమని నా అభిప్రాయం.

పదకొండో నెలలో కుడి చక్రం మోటారు పోయింది. విశాఖపట్నంలోని సర్వీస్ సెంటర్‌కు పంపితే, విడిభాగం లేదనీ, పాతది వదిలేసి కొంత సొమ్ము కడితే కొత్తది ఇస్తామనీ చెప్పారు. లెక్క ప్రకారం అది మంచి బేరమే. అమ్మ మాత్రం, "కాలిరిగితే పిల్లడినే మార్చీస్తారేటే?" అని నన్ను నిలదీసింది.

ఆ ప్రశ్న మా ఇంటికే పరిమితం కాదు. సోనీ సంస్థ 1999లో తెచ్చిన ఐబో రోబో కుక్కలకు 2014లో మరమ్మతు సేవ ఆపివేశాక, వాటిని పారేయడానికి మనసొప్పని యజమానులు జపాన్‌లోని చిబా ప్రాంతంలో ఉన్న కోఫుకుజి ఆలయంలో అంత్యక్రియలు జరిపించారు. ఆ కుక్కల భాగాలతో వేరే ఐబోలను బాగుచేశారు. 2017లో అమ్మకానికి వచ్చిన జిబో అనే మాట్లాడే రోబో అయితే, తన సర్వర్లు, అంటే ఇంటర్నెట్ ద్వారా తనను నడిపించే కంపెనీ కంప్యూటర్లు, మూతపడబోతున్నాయని 2019లో తానే యజమానులకు చెప్పి వీడ్కోలు తీసుకుంది. అందుచేత పెద్దవాళ్ల కోసం ఇటువంటివి కొనేవారు, ఎంత బలంగా దుమ్ము లాగుతుందన్న దానికంటే ముందు, ఇదే యంత్రాన్ని ఎన్నేళ్లు బాగుచేస్తారో, కంపెనీ సర్వర్ ఆగిపోతే బటన్ నొక్కితే నడుస్తుందో లేదో అడగండి. మాది బటన్‌తో నడుస్తుంది కాబట్టి యంత్రానికి అయిదింట మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. సర్వీసుకు ఒక్కటి, అదీ ఫోన్ ఎత్తినందుకు.

పట్టుబట్టి అడగ్గా 19 రోజులకు కొత్త మోటారు వేసి పంపారు కానీ, దాని జ్ఞాపకంలోని పటం చెరిగిపోయింది. తిరిగి వచ్చిన పైడిగాడు ప్రతి గోడకూ కొత్తగా తగులుతుంటే అమ్మ అనుమానంగా చూసింది, అప్పటికప్పుడు వేరేది అంటగట్టారేమోనని నన్ను రెండుసార్లు అడిగింది. పటంతోపాటు నేను గీసిన హద్దు గీత కూడా పోవడంతో మర్నాడు దేవుడి గది ముందు ముగ్గు మాయమైంది. "ఈడు మనోడేనే," అని అమ్మ నిర్ధారించింది. ఆ గీతను మళ్లీ గీయవద్దంది. ముగ్గు ఇప్పుడు పీట మీద వేస్తున్నాను.