ఉప్పుమూట గుడ్డ: మూడు నెలలు వాడాక

ముందే చెప్తున్నా, ఇది పిల్లల్ని మోసుకెళ్లే, బకిల్స్, బెల్టులు ఉండే బ్యాగు లాంటి క్యారియర్ గురించి కాదు. నాలుగున్నర మీటర్ల పైచిలుకు నేత గుడ్డ, అంతే. గుండీ లేదు, జిప్పు లేదు. వోవెన్ ర్యాప్ అంటారు దీన్ని. మా చిన్నదాన్ని మూడు నెలలుగా దాదాపు రోజూ దీంతోనే వీపున కట్టుకుంటున్నా. దానికిప్పుడు పదకొండు నెలలు, తొమ్మిది కిలోలు.

నాలుగు వేల చిల్లర పోసి గుడ్డ కొనడమేంటి, బీరువా నిండా చీరలున్నాయి కదా అని ఇంట్లో అందరూ అన్నారు. నిజానికి నాకూ అదే అనుమానం, అందుకే ఆర్డర్ పెట్టే ముందు ఒక పాత కాటన్ చీరతో కట్టి చూశా. ఐదున్నర మీటర్ల చీర కాబట్టి పొడవుకేం ఢోకా లేదు, కానీ పన్నా ఎక్కువై పిల్ల మెడ దగ్గర గుడ్డంతా కుప్ప పడింది, పావుగంట తిరిగేసరికి భుజాల మీద తాడులా కోసుకుపోయింది. తేడా అంతా నేతలో ఉందని తర్వాత అర్థమైంది. చీరది సాదా నేత. ర్యాప్‌లు ఎక్కువగా ట్విల్ నేతలో వస్తాయి, జీన్స్ గుడ్డ మీద ఏటవాలు గీతలు కనిపిస్తాయే, ఆ కుటుంబం. నిలువుగా లాగినా అడ్డంగా లాగినా పెద్దగా సాగదు, మూలగా లాగితే మాత్రం కొంచెం సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. పిల్ల వీపుకి అతుక్కుని పట్టి ఉంచేది ఆ మూల సాగుడే. ఈ ర్యాపుల్లో పాత పేరు జర్మనీ కంపెనీ డిడిమోస్‌ది, 1972లో ఎరికా హాఫ్‌మన్ అనే కవలల తల్లి మొదలుపెట్టింది, ఆ పేరుకి గ్రీకులో అర్థం కూడా కవల అనే. అది నా బడ్జెట్‌లో లేదు కాబట్టి ఇక్కడే నేయించి ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న షాపులో తీసుకున్నా. సైజు 6, అంటే 4.6 మీటర్లు. సైజు పిల్లని బట్టి కాదు, కట్టుకునే మనిషిని బట్టి చూసుకోవాలి, నేను మొదట అక్కడే తికమకపడ్డా.

ఇక కట్టడం. పిల్లని గుడ్డతో సహా చంకనెత్తుకుని, ముందుకి వంగి, చెయ్యి కిందనుంచి మెల్లగా వీపు మీదికి జరుపుతా. రెండు కొసలూ భుజాల మీదుగా ముందుకి, చంకల కిందుగా వెనక్కి, దాని పిర్రల కింద దాటించి మళ్లీ ముందుకి తెచ్చి నడుం దగ్గర ముడి. చెప్పడానికి ఇంతే. అసలు పని కూర్చునే చోటు కుదర్చడం: గుడ్డ కింది అంచుని దాని పొట్టకీ నా వీపుకీ మధ్య పైకి దోపాలి, ఈ మోకాలి నుంచి ఆ మోకాలి దాకా, పిర్రల కంటే మోకాళ్లు పైకి ఉండేలా. మనం చంకనెత్తుకుంటే పిల్లల కాళ్లు ఎలా మడత పడతాయో అచ్చం అలాగే. దోపింది చాలకపోతే అది కాళ్లు బిగబట్టి ఒక్క తన్ను తన్నేసరికి మొత్తం జారిపోతుంది. మొదటి వారంలో రెండుసార్లు అలా జారింది, మంచం పక్కన నిలబడి కట్టాను కాబట్టి, వెనక మా ఆయన చేతులు చాపి ఉన్నాడు కాబట్టి సరిపోయింది. పిల్ల సొంతంగా కూర్చోగలిగే దాకా వీపున కట్టే ఆలోచన పెట్టుకోవద్దు. వెనక మొహం కనపడదు కదా, ముక్కుకి గుడ్డ అడ్డం రాలేదని అద్దంలోనో ఫోన్ సెల్ఫీ కెమెరాలోనో ఊరికే చూసుకుంటూ ఉండాలి. మా అత్తయ్య మొదటిరోజు చూసి "ఏం బిడ్డా, పిల్లను మూటగట్టినవ్, ఊపిరాడతదా?" అంది, ఆ ప్రశ్నలో తప్పేం లేదు.

కుదిరాక మాత్రం హాయి. అంట్లు తోముతా, బట్టలు ఆరేస్తా, కూరగాయలకి వెళ్తా. మా వీధి ఫుట్‌పాత్ మీద బండ్లు, ఇసుక కుప్పలు, మూత లేని మ్యాన్‌హోల్ ఒకటి, అందుకే స్ట్రోలర్ బాల్కనీలో దుమ్ము పట్టి ఉంది. పొయ్యి దగ్గరికి, స్కూటీ మీదికి మాత్రం దీంతో అస్సలు వెళ్లను. నిద్రొచ్చినప్పుడు బుగ్గ నా వీపుకి ఆనించి పడుకుంటుంది, మెడ వెనక వెచ్చగా ఊపిరి తగులుతుంటుంది. మెలకువగా ఉంటే నా జడ నములుతుంది, ఇప్పుడు కొప్పు పెట్టుకోవడం అలవాటైంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కొత్తలో గంజి పెట్టిన దుప్పటిలా బిర్రుగా ఉంది, ముడి కూడా సరిగ్గా పడలేదు, నాలుగైదు ఉతుకులయ్యాక గానీ మెత్తబడలేదు. బయట కట్టుకోవాలంటే కొసలు నేల మీద ఈడ్చుకుపోతాయి, వాన రోజు పార్కింగ్‌లో కట్టి చూడండి తెలుస్తుంది. ఎండాకాలం పిల్ల మీద ఒకే పొర ఉన్నా ఇద్దరం తడిసి ముద్దయ్యాం, పొద్దున్నా సాయంత్రమే వాడా. నాకు కోపం తెప్పించింది మాత్రం రంగు. నీలం తీసుకున్నా, మొదటి ఉతుకులో బకెట్ నీళ్లన్నీ నీలం, మూడో ఉతుకులోనూ దిగింది. పిల్ల నోట్లో పెట్టుకునే అంచు కదా అని షాపుకి ఫోటో పంపితే చేనేత అన్నాక అంతే మేడమ్ అన్నారు. అంతే ఎందుకవుతుందండీ, ఇంట్లో చేనేత చీరలు లేవా మాకు? వాపసు తీసుకోలేదు, ఉతికేశారు కదా అని మెలిక పెట్టారు. ఉతక్కుండా పిల్లకి ఎవరు కడతారో నాకర్థం కాలేదు.

కాబట్టి కొనేవాళ్లు రంగు వెయ్యని నూలుదో లేత రంగుదో చూసుకోండి, మొదటిసారి విడిగా ఉతకండి. ఐదుకి నాలుగు స్టార్లు గుడ్డకి, రెండు షాపుకి. సెకండ్ హ్యాండ్‌లో ఇస్తావా అని ఇప్పటికే ఇద్దరడిగారు, ఇవ్వను. మధ్యాహ్నాలు అది ఉయ్యాలగా డ్యూటీలో ఉంటోంది.