కెంపోలో ఏది మేలు? జోడీని చూసి తేల్చుకోండి

"కెంపో అంతా ఒకటేనా, రకాలున్నాయా? పిల్లల్ని ఏ దాంట్లో వేస్తే మంచిది?" కరాటే, కుంగ్‌ఫూల్లాంటి యుద్ధవిద్య కెంపో గురించి ఈ మధ్య తెలిసినవాళ్లు నన్ను ఎక్కువగా అడుగుతున్నది ఇదే. ఒసాకాలో ఉన్నప్పుడు మూడేళ్లు శోరింజి కెంపో నేర్చుకున్నాను. నిప్పన్ కెంపో క్లాసులకు కూడా కొన్నాళ్లు వెళ్లి చూశాను. కాలిఫోర్నియా వచ్చాక మా అమ్మాయి కోసం అమెరికన్ కెన్‌పో స్కూళ్లు తిరిగాను. పై మెట్ల సంగతి నేను చెప్పలేను. మొదటి ఏడాది ఎలా ఉంటుందో మాత్రం ఒంటికి తెలుసు కాబట్టి అంతవరకే రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. చైనావాళ్లు 'చువాన్‌ఫా' అని చదివే రెండు అక్షరాలనే జపాన్ వాళ్లు 'కెంపో' అంటారు. పిడికిలి పద్ధతి అని అర్థం. మనం కుస్తీ అన్నట్టు అదొక పెద్ద మాట, ఒక స్టైల్ పేరు కాదు. అందుకే బోర్డు మీద కెంపో అని ఉన్న రెండు చోట్లకు వెళ్తే రెండు చోట్లా నేర్పేదానికి చుట్టరికమే ఉండకపోవచ్చు. కెంపో, కెన్‌పో అన్న తేడా పలుకుబడిది మాత్రమే. అమెరికాలో ఈ విద్యకు స్కూలు పెట్టిన ఎడ్ పార్కర్ వైపు వాళ్లు కెన్‌పో అని రాసుకుంటారు.

శోరింజి కెంపోను 1947లో షికోకు దీవిలోని తదొత్సులో సో దోషిన్ మొదలుపెట్టాడు. యుద్ధంలో ఓడిపోయి, దిక్కు తోచక తిరుగుతున్న కుర్రవాళ్లకు ధైర్యం, నడవడి రెండూ నేర్పాలన్నది ఆయన పట్టుదల. గుద్దులు, తన్నులు ఉన్న భాగాన్ని గోహో అని, పట్టు విడిపించుకోవడం, లాక్ వేయడం, పడేయడం ఉన్న భాగాన్ని జూహో అని అంటారు. రెండూ మొదటి నుంచీ కలిపే నేర్పుతారు.

ఇక్కడ మనవాళ్లకు ఒక ఆకర్షణ ఉంది. శోరింజి అంటే షావోలిన్ గుడి. బోధిధర్ముడు కంచి నుంచి అక్కడికి వెళ్లాడన్న కథ మనమంతా విన్నదే. దోజోలో, అంటే సాధన చేసే చోట, ఆయన్ని 'దరుమ' అని తలుచుకుంటారు. ఒకరికొకరు మన నమస్కారంలాగే చేతులు జోడించి మొదలుపెడతారు. మొదటి రోజు అది చూసి నాకు ఇంటికి వచ్చినట్టే అనిపించింది. కానీ చైనాకు ఈ విద్య నేర్పింది ఆయనే అన్నదాన్ని చరిత్రకారులు ఒప్పుకోరు. ఆ కథకు మూలంగా చూపించే యిజిన్‌జింగ్ అనే గ్రంథం 17వ శతాబ్దానిది, ఆయన కాలానికి వెయ్యేళ్ల తర్వాతిది. మన దగ్గర్నుంచే వెళ్లిందన్న గర్వంతో స్టైల్ ఎంచుకోకండి.

నిప్పన్ కెంపో శోరింజి కెంపో కంటే పాతది, 1932లో ఒసాకాలో పుట్టింది. స్థాపించిన సవయామా మునెఒమి కన్సాయ్ యూనివర్సిటీలో జూడో చేసినవాడు. జూడోలో పక్కకు పోయిన గుద్దులు, తన్నులు తిరిగి తేవాలి, అవి నిజంగా తగిలేలా ఆడాలి, ఎవరికీ దెబ్బలు తగలకూడదు అనుకున్నాడు. దానికోసం ముఖానికి ఇనుప కమ్మీల మాస్క్, ఛాతీకి కవచం, చేతులకు గ్లవ్స్ పెట్టాడు. జపాన్ యూనివర్సిటీల్లో దీనికి మంచి పేరుంది. అక్కడి సైన్యం నేర్పే చేతి పోరాటం కూడా దీన్నుంచి చాలా తీసుకుంది.

అమెరికన్ కెన్‌పో దారి హవాయి మీదుగా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హోనొలులులో జేమ్స్ మితోసే నేర్పాడు, ఆ దారిలోనే విలియం చౌ పేరు తెచ్చుకున్నాడు. చౌ దగ్గర నేర్చుకున్న ఎడ్ పార్కర్ 1950లలో అమెరికా ప్రధాన భూభాగానికి తెచ్చి, కాలిఫోర్నియాలోని పాసడీనాలో స్కూలు పెట్టాడు. ఎల్విస్ ప్రెస్లీ ఆయన శిష్యుడే. 1990లో పార్కర్ పోయాక చాలా సంఘాలుగా చీలిపోయింది కాబట్టి ఒకే టెక్నిక్ ఒక్కో స్కూల్లో ఒక్కోలా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఏ స్టైల్లో ఎన్ని తన్నులున్నాయి, ఏది ఎక్కువ ప్రమాదకరం అన్న లెక్కలు కొత్తవాళ్లకు పనికిరావు. క్లాసులో మీ ఎదురుగా నిలబడే మనిషి ఏం చేస్తాడు? నా దృష్టిలో తేల్చేది అదొక్కటే.

శోరింజిలో నాకు మొదట నేర్పింది కొతెనుకి, అంటే మణికట్టు పట్టు విడిపించుకోవడం. నా జోడీ అరవై దాటిన ఒక పెద్దావిడ, నా భుజం దాకా వస్తుంది. నా మణికట్టు పట్టుకుంది. ఎవరికైనా ముందు వెనక్కి లాగాలనే అనిపిస్తుంది, నేనూ లాగాను. పట్టు ఇంకా బిగిసింది. ఆవిడ ఏమీ అనలేదు, రెండో చేత్తో నా మోచేతిని వేలితో తట్టింది అంతే. వేళ్లు అయిదూ బాగా చాపి, మోచెయ్యి ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, చేతిని లాగకుండా మోచేతినే ఆవిడ వైపు నెట్టాలి. బొటనవేలికి, మిగతా వేళ్లకు మధ్య ఉన్న సందే ఏ పట్టుకైనా బలం తక్కువ ఉన్న చోటు. చెయ్యి అక్కడి నుంచి జారి బయటికి వచ్చేసింది. అది కుదరడానికి నాకు మూడు క్లాసులు పట్టింది.

తర్వాత పట్టుకునే వంతు నాది. అది కూడా నేర్చుకోవాల్సిన పనేనని అప్పుడు తెలిసింది. వదులుగా పట్టుకుంటే ఎదుటివాళ్లు తప్పు నేర్చుకుంటారు, మరీ మొండికేస్తే అసలేమీ నేర్చుకోలేరు. సగం మన మేలు కోసం, సగం ఎదుటివాళ్ల మేలు కోసం బతకమని సో దోషిన్ చెప్పినది నాకు ఆ చేతి పట్టులోనే అర్థమైంది. కాసేపయ్యాక జోడీ మారుతుంది. పొడుగాటి కాలేజీ కుర్రాడు, పదేళ్ల పిల్ల, ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన నడివయసు మనిషి, ఒక్కొక్కరి పట్టు ఒక్కోలా ఉంటుంది. మొదటి ఏడాదిలో ఇంతకన్నా మంచి చదువు లేదని నా నమ్మకం.

లోటు లేదని కాదు. శోరింజిలో ఎక్కువ సాధన ముందే అనుకుని చేసేది. పోటీలు కూడా ఎక్కువగా ఎంబు, అంటే జంటగా కూర్చుకుని చేసి చూపించేవి. ఎదుటివాడు ఏం చేస్తాడో తెలియనప్పుడు నా గుద్దు తగులుతుందా లేదా అన్నది అక్కడ అంత త్వరగా తేలదు. నిప్పన్ కెంపో బలం సరిగ్గా అక్కడే ఉంది. ఒకసారి ఆ మాస్క్ పెట్టించుకుని నిలబడ్డాను. కమ్మీల వెనక నా ఊపిరి చప్పుడే నాకు పెద్దగా వినిపించింది. ఎదుటి గ్లవ్ మాస్క్‌కు తగిలింది. దెబ్బేమీ తెలియలేదు కానీ తల వెనక్కి వెళ్లింది. తగిలిందా లేదా అన్న అనుమానానికి చోటే లేదు. ఇరవై ఏళ్ల వయసుండి, భయం పోవాలి, నిజంగా తలపడాలి అనుకునేవాళ్లు మొహమాటం లేకుండా అక్కడికే వెళ్లండి. నలభైలో మొదలుపెట్టేవాళ్లకు, చిన్నపిల్లలకు మాత్రం ముందు దెబ్బ తగలకుండా కింద పడటం నేర్చుకున్నాకే అది మంచిదంటాను.

అమెరికన్ కెన్‌పోలో బట్ట పట్టుకోవడం, తోయడం, వెనక నుంచి వాటేసుకోవడం లాంటి ఒక్కో దాడికీ ఒక్కో వరస ఉంటుంది. అలాంటివి 150కి పైగా ఉన్నాయి. మొదట్లో నేర్పే డిలేడ్ స్వోర్డ్ అనే వరస చూడండి. ఎదుటివాడు చొక్కా పట్టుకుంటాడు. ఎడమ కాలు వెనక్కి వేసి కుడి చేత్తో వాడి చేతిని కొట్టాలి, కుడి కాలితో గజ్జల్లో తన్నాలి, ఆ కాలు దించుతూ అరచేతి అంచుతో మెడ మీద కొట్టాలి. పిల్లలకు ఈ వరసలు, పేర్లు చాలా ఇష్టం, త్వరగా పట్టుకుంటారు. చిక్కు ఏమిటంటే, చాలాచోట్ల చొక్కా పట్టుకున్నవాడు ఆ తర్వాత బొమ్మలా నిలబడిపోతాడు. వీళ్లు మాత్రం నాలుగైదు దెబ్బలు చకచకా వేసేస్తారు. చూడ్డానికి బాగుంటుంది, లోపల ఏమీ మిగలదు. మంచి గురువు అలా నిలబడనివ్వడు.

మిగతావి టూకీగా. కాజుకెంబో 1947 ప్రాంతంలో హోనొలులులోని పలామాలో అయిదుగురు కలిసి తయారుచేసినది. గట్టిది, దెబ్బలకు సిద్ధపడి వెళ్లాలి. ఒకినావా కెన్‌పో మన ఊళ్లలో కనిపించే కరాటేకు దగ్గరి బంధువు, కరాటే నచ్చినవాళ్లకు ఇదీ నచ్చుతుంది. అమెరికా తూర్పు వైపు కనిపించే షావోలిన్ కెంపోకు కూడా మూలాలు హవాయిలోనే ఉన్నాయి.

హైదరాబాద్, విజయవాడల్లో వెతికేవాళ్లు బోర్డు మీద కరాటే, కుంగ్‌ఫూ, కెంపో మూడూ కలిపి రాసి ఉంటే, "ఏ కెంపో? మీ గురువుగారు ఎవరు?" అని అడగండి. సూటిగా జవాబు రావాలి. శోరింజి అంటే జపాన్‌లోని ప్రధాన సంస్థ గుర్తింపు ఉందా అని కూడా అడగొచ్చు. డబ్బు కట్టకముందు ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి. ఇక్కడ కాలిఫోర్నియాలో ఒక స్కూల్లో క్లాసు చూడనివ్వకుండానే ఏడాది కాంట్రాక్టు చేతిలో పెట్టారు. మేము లేచి వచ్చేశాం.

నన్నడిగితే శోరింజి. కానీ ఆ దోజో మా ఇంటికి గంట దూరం, అమ్మాయికి స్కూలు రోజుల్లో కుదరదు. పది నిమిషాల్లో ఉన్న అమెరికన్ కెన్‌పో స్కూలుకు వెళ్లి చూశాం. ఒక పెద్ద కుర్రాడు చిన్నవాడి చొక్కా పట్టుకుని, తన్ను సరిగ్గా పడేదాకా వదల్లేదు. పడ్డాక నడుము వంచి వెనక్కి తగ్గాడు. తర్వాత చిన్నవాడి భుజం సరిచేసి మళ్లీ పట్టుకున్నాడు. ఆ రోజే చేర్పించాం. శనివారాలు నేను గంట దూరం వెళ్లి వస్తున్నాను. మిగతా రోజుల్లో రాత్రి అన్నాలయ్యాక హాల్లో అమ్మాయి నా ముందు నిలబడి, "పట్టుకో అమ్మా, ఇంకొంచెం గట్టిగా" అంటుంది.